ఓరుగల్లు కోట, కనికట్టు యుద్ధం

1321. ఓరుగల్లు కోట చుట్టూ ఢిల్లీ సేనలు దిగి నెలలు గడిచాయి. వాటిని నడిపిస్తున్నవాడు ఉలుగ్ ఖాన్, సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు. తర్వాతి కాలంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో గద్దెనెక్కింది ఇతనే. లోపల కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి సిద్ధపడ్డాడు, ఉలుగ్ ఖాన్ ఒప్పుకోలేదు. కోట ఇవాళో రేపో చిక్కుతుందన్న దశలో ఢిల్లీ నుంచి టపా ఆగిపోయింది. వారానికి రెండు మూడుసార్లు వచ్చే ఉత్తరాలు నెల గడిచినా రాలేదు.

ఆ ఖాళీలోకి ఒక పుకారు దిగింది. సుల్తాన్ చనిపోయాడట, ఢిల్లీ గద్దె మీద ఇంకెవరో కూర్చున్నారట. దాన్ని పుట్టించినవాడు ఉబైద్ అనే కవి అని చరిత్రకారుడు బరనీ రాశాడు. ఉబైద్ అక్కడితో ఆగలేదు. సర్దారుల దగ్గరికి వెళ్ళి, ఉలుగ్ ఖాన్ మిమ్మల్ని అనుమానిస్తున్నాడు, పట్టి చంపించబోతున్నాడు అని చెవిలో ఊదాడు. సర్దారులు తమ బలగాలతో విడిది విడిచి తలో దారి పట్టారు. ముట్టడి చెల్లాచెదురైంది. ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనుదిరగక తప్పలేదు. పుకారు పుట్టించింది యువరాజే, గద్దె మీద ఆశతో ఉబైద్ చేత చెప్పించాడు అని యాత్రికుడు ఇబ్న్ బతూతా మరో కథ చెప్పాడు. ఎవరి మాట నిజమైనా జరిగిన పని మాత్రం ఒక్కటే. రాళ్ళు విసిరే యంత్రాలకు లొంగని కోటను ముట్టడించిన సేన ఒక్క అబద్ధానికి కూలిపోయింది.

గారడీవాడు చేసే పని అచ్చం ఇదే. ముందు చూసేవాడికి సరిచూసుకునే దారి లేకుండా చేస్తాడు. తర్వాత వాడు నమ్మడానికి సిద్ధంగా ఉన్న మాటే వాడి ముందు పెడతాడు. ఓరుగల్లు బయట ఉన్న సర్దారులకు ఢిల్లీ వార్త తెలియదు, యువరాజు మీద భయం మాత్రం ముందే ఉంది. ఉబైద్‌కు అంతకంటే సరంజామా అక్కర్లేకపోయింది.

రాజ్యాలు ఈ విద్యను తెలిసే వాడుకున్నాయి. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం రోబేర్ ఉదాఁ అనే పేరుమోసిన ఇంద్రజాలికుణ్ణి అల్జీరియాకు పంపింది. తిరుగుబాటుకు ఊపిరిపోస్తున్న మతగురువుల మహిమలకంటే ఫ్రెంచివాళ్ళ శక్తి గొప్పదని అక్కడి జనాన్ని నమ్మించడం అతని పని. ఒక చిన్న పెట్టెను ముందు అవలీలగా ఎత్తించాడు. తర్వాత కండలు తిరిగిన మనిషి కూడా దాన్ని కదపలేకపోయాడు. పెట్టె అడుగున ఇనుము, వేదిక కింద విద్యుదయస్కాంతం. మన దేశంలో ఈ ఆలోచన ఇంకా పాతది. కామందకుడు తన నీతిసారంలో సామ దాన భేద దండాలతో ఆగకుండా మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం అనే మూడింటిని కూడా రాజు ఉపాయాల్లో చేర్చాడు. కౌటిల్యుడైతే వేషం కట్టించే పద్ధతి కూడా చెప్పాడు: శత్రురాజును కోటలోంచి బయటికి రప్పించాలంటే, నాలుగు వందల ఏళ్ళవాణ్ణని చెప్పుకునే జడధారిగా గూఢచారిని కొండగుహలో కూర్చోబెట్టాలట. తెలుగులో బద్దెన నుంచి మడికి సింగన దాకా రాజనీతి రాసినవాళ్ళంతా ఈ పరంపర నీడలోనే రాశారు.

కాకతీయులు మాత్రం తమ మాయను రాతిలో, మట్టిలో కట్టుకున్నారు. రాతికోట గణపతిదేవుడి కాలంలో మొదలైంది. రుద్రమదేవి దాన్ని పూర్తిచేసి, ఎత్తు పెంచి, దాని బయట మట్టికోట, అగడ్త కట్టించింది. రాతికోటకు 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్ళు. ఒక్కో వాకిలి దగ్గర దారి ఎలా నడుస్తుందో చూడాలి. బయటి నుంచి దూసుకొచ్చేవాడికి గుమ్మం కనిపిస్తుంది, దాటితే చాలు ఊళ్ళో ఉన్నట్టే అనిపిస్తుంది. దాటగానే ఎదురుగా గోడ. దారి పక్కకు తిరుగుతుంది, లోపలి గుమ్మం మలుపు తిరిగేదాకా కంటపడదు. పరుగు మీద వచ్చిన ఏనుగుకు తలుపు గుద్దేంత ఊపు మిగలదు. వెనకవాళ్ళు తోసుకొస్తుంటారు, ముందువాళ్ళు తిరగలేక గుంపుగా నిలిచిపోతారు. వాళ్ళ కళ్ళు తలుపును వెతుకుతుంటే దెబ్బ గోడల మీద నుంచి పడుతుంది. తర్వాతి పాలకులు ఈ వాకిళ్ళకు చేర్పులు చేశారు గానీ వంకర దారి లెక్కను చెడగొట్టలేదు.

ఉబైద్ పుకారుకూ ఈ మలుపుకూ పెద్ద తేడా ఉంది. పుకారు గుట్టు తెలిస్తే ఇక పనిచేయదు. మలుపు గుట్టు అందరికీ తెలిసినా పనిచేస్తుంది. కాకతీయుల వాస్తుకారుల తెలివికి దీన్ని మించిన గీటురాయి లేదు.

మట్టిగోడ సంగతీ అంతే. పైకి నాసిరకంగా కనిపించే ఆ గోడకు తగిలిన రాతిగుండ్లు వెనక్కి ఎగిరిపడ్డాయని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ చేసిన దండయాత్ర గురించి అతను చెప్పిన మాట అది. అయినా ఢిల్లీ సేన అగడ్త పూడ్చి మట్టికోట దాటింది. రాతికోట ముందు నిలిచినప్పుడు ప్రతాపరుద్రుడు తాను బయటికి రాలేదు. తన బంగారు బొమ్మ చేయించి, దాని మెడలో బంగారు గొలుసు వేసి పంపాడు. మెడకు గొలుసుతో వంగింది బొమ్మ, రాజు కోటలోనే ఉన్నాడు. ఏనుగులు, గుర్రాలు, ధనం పోయాయి, రాజ్యం నిలిచింది. 1318లో మరో ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ వచ్చినప్పుడు కూడా ప్రతాపరుద్రుడు కోటగోడ మీద నుంచే ఢిల్లీ వైపు తిరిగి వంగి నమస్కరించాడు. ఈ రెండు సందర్భాల్నీ పిరికితనంగా చూసేవాళ్ళున్నారు. గెలిచినవాడికి గెలుపు దృశ్యం చూపించి, సింహాసనాన్ని మరికొన్నేళ్ళు కాపాడుకున్న రాజనీతి అది.

1323లో ఆ ఎత్తులేవీ పారలేదు. ఉలుగ్ ఖాన్ ఈసారి దారిలోని బీదరు, బోధను కోటలను ముందే పట్టుకుని, వెనక దారి భద్రం చేసుకుని వచ్చాడు. మొదటిసారి తనను ఓడించింది గోడలు కావనీ, తెగిపోయిన దారి అనీ అతనికి అర్థమైంది. నెలల ముట్టడి తర్వాత ఓరుగల్లు పడిపోయి సుల్తాన్‌పూర్ అయింది. బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస తామ్రశాసనం చెబుతోంది.

ఈ ఓటమిని తెలుగువాళ్ళు రంగస్థలం మీద తిరగరాసుకున్నారు. 1897 నాటి వేదం వేంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయ నాటకంలో మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వెళ్తాడు. రాజు పోలికలున్న చాకలి పేరిగాడు రాజు స్థానంలో కూర్చుంటాడు. బంగారు బొమ్మను పంపిన రాజు కథకు పేరిగాడి పాత్ర ఎంత దగ్గరో గమనించాలి. చరిత్రలో ఓరుగల్లును 1336 ప్రాంతంలో తిరిగి గెలిచినవాడు ముసునూరి కాపయ నాయకుడు. అందుకు వేషాలు కాదు, నాయకుల ఐక్యత, హొయసల బల్లాళుడి సాయం పనికొచ్చాయి.

ఖిలా వరంగల్‌కు వచ్చేవాళ్ళలో చాలామంది నాలుగు కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. ఆ శిల్పం అందానికి తిరుగులేదు. కానీ ఈ నగరాన్ని దశాబ్దాలపాటు కాపాడిన బుద్ధి మట్టికోటలో, అగడ్తలో, వాకిళ్ళ మలుపుల్లో ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఒక గంట ఎక్కువ కేటాయించి వాళ్ళను ఆ మలుపుల్లో నడిపించాలి. మట్టికోటను ఆక్రమణల నుంచి కాపాడమని నగర పాలకులను, పురావస్తు శాఖను గట్టిగా అడగాలి.