సంగీత పాఠశాల - ఇంగ్లండు మందుచీటీ

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. రక్తపోటు, చక్కెర జబ్బుల గురించి డాక్టర్లు రాయగలరు. నేను కలెక్టరాఫీసు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, పాత సంగతులు తిరగేయడమే నాకు తెలిసిన విద్య. అందువల్ల మన విజయనగరం సంగతి ఒకటి మనవి చేస్తాను.

మన సంగీత కళాశాల ఎందుకు పుట్టిందో చాలామంది పిల్లలకు తెలియదు. సంస్థానంలో ఉద్యోగి చాగంటి జోగారావు గారికి చూపులేని కుమారుడు ఉండేవాడు. కుర్రవాడికి సంగీతం అబ్బింది. అతడికి శాస్త్రీయంగా నేర్పించాలన్న ఆలోచన నుంచే విజయరామ గజపతిరాజు గారు 1919 ఫిబ్రవరి 5న విజయరామ గాన పాఠశాల పెట్టించారని చెబుతారు. ఒక్క కుర్రవాడి కోసం ఇంటికి పంతుల్ని పంపితే సరిపోయేది. అలా చేయకుండా పదిమందితో కూర్చుని నేర్చుకునే చోటు కల్పించారు. నాకు గొప్పగా తోచేది అదే. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. వయొలిన్ ఆచార్యులుగా వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ చూపు అంతంతమాత్రమే. ఆయన 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. ఘంటసాల అక్కడే చదివారు. ఆ కుర్రవాడికి చూపు రాలేదు. కానీ అతడి కోసం తెరిచిన తలుపు నూరేళ్ళు దాటినా మూసుకోలేదు.

ఇంగ్లండులో ఈ ఆలోచన వైద్యుల చేతుల్లోనే నడిచింది. లండన్‌లోని పెక్‌హామ్‌లో 1926లో ఇద్దరు వైద్యులు కుటుంబాల కోసం ఒక కేంద్రం తెరిచారు. 1935లో కట్టిన భవనంలో ఈతకొలను, వ్యాయామశాల, కలిసి కూర్చునే హాలు ఉండేవి. చందా కట్టిన కుటుంబాలకు వైద్య పరీక్షలు కూడా అక్కడే. 1948లో ప్రభుత్వ ఉచిత వైద్యం వచ్చాక ఈ పద్ధతి అందులో ఇమడలేదు. 1950లో మూతపడింది. మంచి పథకాలకు ఫైళ్ళలో పట్టే గతి మనకు కొత్తదా! 2019లో అదే దేశపు ఆరోగ్యశాఖ ఆ దారికే వచ్చింది. ఒంటరితనంతోనో దిగులుతోనో వచ్చిన రోగిని డాక్టరు 'లింక్ వర్కర్' అనే ఉద్యోగి దగ్గరికి పంపుతాడు. ఆ ఉద్యోగి తీరిగ్గా మాట్లాడి తోటపని బృందానికో పాటల బృందానికో నడక సంఘానికో జతచేస్తాడు. దీన్ని సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటున్నారు. మందులు మానమని మాత్రం ఎవరూ అనడం లేదు.

మా ఇంటావిడ పోయాక నాకు బి.పి. మాత్ర రెండుసార్లు పెంచారు. మూడోసారి డాక్టరు గారు చీటీ రాయకుండా, "మాస్టారూ, సాయంత్రాలు ఎక్కడికెళ్తున్నారు?" అన్నారు. ఎక్కడికీ లేదన్నాను. పిల్లలిద్దరూ బెంగుళూరులో ఉన్నారు. మన సంఘం గదిలో పేపరు చదవడానికి రావడం అప్పుడే మొదలుపెట్టాను. మాత్ర తగ్గలేదు గాని రాత్రి నిద్ర పడుతోంది.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు బడి ఉద్యోగం నుంచి విరమించిన చాలా ఏళ్ళకు, 1997లో కథానిలయం తెరిచారు. 2021లో 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. కథానిలయం వల్లనే అన్నేళ్ళు బతికారని నేననను. చూడవచ్చినవారికి అక్కడ కూర్చుని మాట్లాడే చోటు మాత్రం దొరికింది.

మన సంఘంలో లైఫ్ సర్టిఫికెట్ రోజున తప్ప కనిపించని సభ్యులున్నారు. కొందరికి మోకాళ్ళు సహకరించవు, కొందరికి ఆటో డబ్బులు కోడలిని అడగాలంటే మొహమాటం. భార్య పోయినవారు, భర్త పోయిన కుటుంబ పింఛనుదారులు వీరిలో ఎక్కువ. రెండు నెలలుగా గడప దాటని సభ్యుల పేర్లకు ఒక రిజిస్టరు తెరిచి, ఒక్కొక్కరిని వారానికోసారి వెంటబెట్టుకొచ్చే బాధ్యత ఒక్కొక్కరికి అప్పగించాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తాను. ఆటో ఖర్చు సంక్షేమ నిధి నుంచి ఇవ్వాలి. కోశాధికారి గారు అభ్యంతరం చెబుతారని తెలుసు. రిజిస్టరు నేను రాస్తాను.