1956: మన ఊళ్లు కదల్లేదు, గీతలు కదిలాయి

1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి. అక్కడివాళ్లకు అది పండుగ రోజు. ఆర్.ఎస్. పురంలోనో మదురైలోనో తరతరాలుగా ఉన్న మనకు మాత్రం ఆ ఏడాది లెక్క వేరు. మనవాళ్లలో చాలామంది పూర్వీకులు నాయకరాజుల కాలంలోనే ఇటు వచ్చినవాళ్లు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోవడంతోనే మద్రాసు రాష్ట్రంలో మన బలం తగ్గింది. 1956లో ఆ లెక్క ఖాయమైంది.

గీతలు మన జిల్లాలోనూ కదిలాయి. అప్పటిదాకా కోయంబత్తూరు జిల్లాలో ఉన్న కొళ్లేగాలం తాలూకా మైసూరు రాష్ట్రానికి పోయింది. మలబారు కేరళకు వెళ్లింది, కన్యాకుమారి ఇటు వచ్చింది.

మదురైలో ఆ ఏడు ఒక మరణం జరిగింది. రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని, ఇంకా కొన్ని కోరికలతో శంకరలింగనార్ జూలై 27న విరుదునగర్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. అక్టోబరు 13న మదురై ఆసుపత్రిలో కన్నుమూశారు. పొట్టి శ్రీరాములు గారు పోయి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. మన ఇళ్లలో శ్రీరాములు గారి పేరు తెలిసినంతగా ఈయన పేరు తెలియదు. తెలియాలి, ఇక్కడి అన్నం తింటున్నవాళ్లం కదా. ఆయన కోరిన పేరు 1969లో గాని రాలేదు. తమిళాన్ని అధికార భాషగా చేసిన మద్రాసు చట్టం మాత్రం 1956 నాటిదే.

సినిమా సంగతి చెప్పకపోతే పెద్దవాళ్లు ఊరుకోరు. ఏప్రిల్ 13న 'మదురై వీరన్' విడుదలైంది. ఎం.జి.ఆర్. వీరుడు, మన భానుమతి బొమ్మి. కథ తిరుమల నాయకుని మదురైది. వీరుణ్ణి పెంచింది చెప్పులు కుట్టే దంపతులని జానపద కథ చెబుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఆయన్ని తమవాడిగానే కొలుస్తారు. తెలుగు సంఘాలంటే నాయుళ్లవీ చెట్లవీ మాత్రమే అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. అదే ఏడు బి.ఎస్. రంగా 'తెనాలి రామకృష్ణ'ను రెండు భాషల్లోనూ తీశారు. రెంటిలోనూ కృష్ణదేవరాయలు ఎన్.టి.ఆరే. తెలుగులో రామకృష్ణుడు నాగేశ్వరరావు, తమిళంలో శివాజీ.

ఇక అసలు విషయం. రాష్ట్రాల పునర్విభజనతో పాటే రాజ్యాంగానికి ఏడవ సవరణ వచ్చింది. అందులో చేరిన 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. 350బి ప్రకారం వీరి రక్షణల అమలు చూడడానికి ఒక ప్రత్యేకాధికారి ఉండాలి. 1956లోనే కేంద్రం ఈ రక్షణలపై ఒక మెమొరాండం రాష్ట్రాలకు పంపింది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే టీచరును ఇవ్వాలన్నది 1949 నుంచీ ఉన్న ఒప్పందం. మెమొరాండం దాన్నే నిలబెట్టింది. ఇది చట్టం కాదు, కాబట్టి కోర్టులో దీని ఒక్కదాని మీద ఆధారపడలేం. కానీ గుమాస్తాగిరీ చేసినవాళ్లం, మాకు తెలిసిన సంగతి ఒకటుంది: నోటితో అడిగితే నవ్వి పంపేస్తారు, అధికరణం నంబరు, పిల్లల పేర్లు రాసి అర్జీ పెడితే దానికి ఒక ఫైలు పుడుతుంది.

2006లో తమిళాభ్యాస చట్టం వచ్చాక తమిళం బడిలో తప్పనిసరి అయింది. తమిళం నేర్వడానికి మనకు అభ్యంతరం ఎన్నడూ లేదు. మనం బజారులో మాట్లాడేదే అది. తెలుగు పక్కకు జరిగిపోవడమే బాధ. ఇవాళ చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఈ వ్యాసాన్ని కూడా పక్కవాళ్లు చదివిపెడితే వినేవాళ్లుంటారు.

అందుకే బడిలో చేర్చేటప్పుడు ఫారంలో మాతృభాష గడిని ఖాళీగా వదలకండి. అలవాటుగా తమిళం అని రాసేయకండి. 40, 10 అనే లెక్క తేలేది ఆ గడిలోంచే.