తోక పట్టుకుని బయలుదేరితే...

నా నవల ఒకదాంట్లో జమీందారుగారబ్బాయి క్లబ్బులో బిలియర్డ్స్ ఆడుతూ కర్రతో బంతిని ఒక్క పోటు పొడిచాడు. అది అచ్చయిన వారానికి ఓ పెద్దాయన ఉత్తరం రాశారు. "అమ్మా, దాన్ని కర్ర అనరు, క్యూ అంటారు. తెలియని ఆటల జోలికి ఆడవాళ్ళు పోవడం ఎందుకు?" అని. తప్పు నాదే, కాదనను. కానీ ఆ చివరి మాట ఉందే, అది రెండు రోజులు గుచ్చుకుంది. ఇదేమిటో చూద్దామని పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, ఆ క్యూ అన్న మాట వెనకాలే ఆడవాళ్ళ సంగతీ బయటపడింది!

బిలియర్డ్స్ మొదట్లో గదిలో ఆడే ఆట కాదు. యూరప్‌లో పచ్చిక మీద బంతులు దొర్లిస్తూ ఆడేవారు. తర్వాత దాన్ని ఇంట్లోకి తెచ్చి బల్ల ఎక్కించారు. బల్ల మీద పరిచే ఆకుపచ్చ గుడ్డ ఆనాటి గడ్డికి గుర్తు. అప్పట్లో బంతిని పొడిచేవారు కాదు, నెట్టేవారు. కొసకి వెడల్పాటి చెక్క తల ఉన్న ఆ కర్ర పేరు మేస్. బంతి వెళ్ళి బల్ల అంచుకి ఆనుకుందంటే ఆ తల అక్కడ ఇమడదు. అందుకని కర్ర తిరగేసి సన్నటి వెనక కొసతో పొడిచేవారు. ఆ కొసని ఫ్రెంచివాళ్ళు తోక అన్నారు. ఆ మాటే ఇంగ్లీషులో క్యూ అయింది. రేషన్ షాపు ముందు మనం నిలబడే క్యూ కూడా ఆ తోకేనండీ! ఇంగ్లీషువాళ్ళు రెంటికీ వేరు వేరు స్పెల్లింగులు పెట్టుకున్నారు గాని, తెలుగులో రాస్తే రెండూ ఒకటే.

మగవాళ్ళు క్యూకి మారాక కూడా ఆడవాళ్ళ చేతికి చాలాచోట్ల మేస్‌నే ఇచ్చేవారు. క్యూ ఇస్తే గుడ్డ చింపేస్తారట! చిరిగిన బట్టలన్నీ మన చేత కుట్టించుకున్నవాళ్ళే ఈ మాట అనడం.

పూల్ అన్న మాట పందెం నుంచి వచ్చింది. తలా కాస్త వేసి పోగుచేసిన సొమ్ము పూల్. 19వ శతాబ్దపు అమెరికాలో పూల్ రూమ్ అంటే గుర్రప్పందేలు కాసే చోటు. పందేనికీ పందేనికీ మధ్య కాలక్షేపానికి అక్కడ బిలియర్డ్స్ బల్లలు వేశారు. పందేలవాళ్ళ చెడ్డపేరు కాస్తా ఆటకి అంటుకుంది.

ఇక స్నూకర్. ఇది అచ్చంగా మన గడ్డ మీద పుట్టింది. 1875, జబల్‌పూర్, వానాకాలం. బయట కాలు పెట్టే దారిలేక తెల్ల ఆఫీసర్లు మెస్సులో బల్ల చుట్టూ చేరారు. నెవిల్ చాంబర్లేన్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్ర ఆఫీసరు, వాళ్ళు ఆడుతున్న బ్లాక్ పూల్‌కి మరికొన్ని రంగు బంతులు కలిపాడు. (తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లేన్ వేరే ఆయన.) వూల్విచ్ సైనిక అకాడమీలో మొదటి ఏడాది కుర్రాళ్ళని స్నూకర్లు అంటారని ఓ అతిథి ఆయనకి చెప్పాడట. మన కాలేజీల్లో సీనియర్లు కొత్తవాళ్ళని ఏడిపించే మాటల్లాంటిదే. ఎవరో సులువైన బంతిని పాకెట్‌లో వెయ్యలేకపోతే, "నువ్వు ఉట్టి స్నూకర్‌వి!" అనేశాడు చాంబర్లేన్. ఆ మాటకి అర్థం విడమరిచి చెప్పాల్సొచ్చింది. వెంటనే సర్దుకుని, "ఈ ఆటలో మనమందరం స్నూకర్లమేలే" అన్నాడు. ఆటకి ఆ పేరే ఖాయమైంది. నన్నడిగితే ఆ రెండో మాటే ఆ పేరుని నిలబెట్టింది. వట్టి తిట్టయితే ఆ పూటకే పోయేది.

1882లో ఊటీ క్లబ్బు బిలియర్డ్స్ గదిలో ఆట నిబంధనలు రాసి గోడకి తగిలించారు. ఆట ఇంగ్లండు చేరి పెద్దదయ్యాక, అది మా దగ్గర పుట్టిందంటే మా దగ్గరేనని తగాదాలు! చివరికి 1938లో, ఎనభై రెండేళ్ళ వయసులో, చాంబర్లేన్ 'ఫీల్డ్' పత్రికకి ఉత్తరం రాసి, అది జబల్‌పూర్ బిడ్డేనని చెప్పుకోవాల్సొచ్చింది.

ఇంతకీ నా నవల రెండో ముద్రణకి వచ్చినప్పుడు 'కర్ర' కొట్టేసి 'క్యూ' అని దిద్దాను. ప్రూఫులు చూసే ఆయన ఆ మాట పక్కన ఎర్ర సిరాతో రాసి పంపారు: "జమీందారుగారబ్బాయి క్యూలో నిలబడ్డమేమిటండీ?"