అకాడమీ కాదన్న చిత్రకారుడు

1846. కోపెన్‌హాగెన్‌లోని రాయల్ అకాడమీ పెద్దల ముందుకు ఓ ఇటలీ దృశ్యం వచ్చింది. సభ్యత్వం కోరుతూ క్రిస్టెన్ కోబ్కె సమర్పించిన చిత్రమది. చూశారు. కుదరదన్నారు. 12వ ఏట ఇదే అకాడమీలో విద్యార్థిగా చేరినవాడు, 35 దాటాక అక్కడి నుంచే తిరస్కారం అందుకున్నాడు.

ఇటలీ అతని లోకం కాదు. తండ్రి కస్టెల్లెట్ కోటలో రొట్టెలు కాల్చే పెద్ద బేకరు. 11 మంది పిల్లల ఇల్లు. పదకొండేళ్ళప్పుడు కీళ్ళవాతపు జ్వరం క్రిస్టెన్‌ని మంచాన పడేసింది. కోలుకుంటూ పెన్సిల్ పట్టాడు, ఇక వదల్లేదు. 1828లో చిత్రకారుడు ఎకర్స్‌బర్గ్ దగ్గర శిష్యరికం దొరికింది. ఎదురుగా ఉన్నదాన్ని శ్రద్ధగా చూసి గీయమనేవాడు ఆ గురువు. శిష్యుడికి దూరం వెళ్ళే పనే పడలేదు. కోట వంతెన, స్నేహితుల ముఖాలు, ఇంటి దగ్గరి చెరువు చాలాయి.

1838 నాటి సోర్టెడామ్ చెరువు చిత్రమే చూడండి. సాయంకాలం. నీళ్ళలోకి సాగిన చిన్న చెక్కరేవు మీద ఇద్దరు స్త్రీలు, వస్తున్న పడవకేసి చూస్తూ నిలబడ్డారు. పైన డెన్మార్క్ జెండా. రాజుల్లేరు, యుద్ధాల్లేవు. పొద్దువాలే వేళ ఆకాశం చెరువులో కరిగిపోతున్న తీరు మాత్రం ఉంది. ఆ వెలుగును అంత ప్రేమగా పట్టినవాళ్ళు ఆ కాలంలో నాకు మరొకరు కనిపించరు.

అదే ఏడు ఇటలీకి బయల్దేరాడు. చిత్రకారుడన్నాక రోమ్ చూసి తీరాలన్న కాలమది. నేపుల్స్, కాప్రి తిరిగి 1840లో ఇల్లు చేరాడు. అక్కడి స్కెచ్‌లు ముందేసుకుని ఏళ్ళ తరబడి దక్షిణపు ఎండను గీశాడు. సోర్టెడామ్ ఒడ్డున పలికిన ప్రాణం వాటిలో పలకలేదు. 1843లో తండ్రి పోయాడు. 1845లో చెరువు దగ్గరి ఇల్లు అమ్మేశారు. మరుసటేడే అకాడమీ తలుపు మూసింది.

1848 ఫిబ్రవరి 7న న్యుమోనియా అతన్ని తీసుకుపోయింది. వయసు 37.

దశాబ్దాలు గడిచాక గానీ అతని విలువ దేశానికి తెలిసిరాలేదు. 2010లో లండన్ నేషనల్ గ్యాలరీ అతని చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. సోర్టెడామ్ చిత్రం కోపెన్‌హాగెన్‌లోని డెన్మార్క్ జాతీయ గ్యాలరీలో ఉంది. అటు వెళితే దాని ముందు తీరిగ్గా కాసేపు నిలబడండి.