డెల్టా ఇళ్లలో దోమ: ఒక చరిత్ర

కృష్ణా డెల్టాలో ప్రొద్దుగ్రుంకువేళ తలుపులు మూయుట దొంగల భయముచే కాదు, దోమల భయముచే. పెరటిలో వేపాకు పొగ వేయుట, పసిబిడ్డ పక్కకు తెర కట్టుట ఇక్కడ తరతరాల అలవాటు. అయినను ఈ పురుగు నిద్ర చెరచుటయే కాక రోగమును కూడ మోసుకొనివచ్చునని శాస్త్రజ్ఞులకు తెలిసి సుమారు నూటయేబది సంవత్సరములే అయినది.

ఇంటిలో ముసరు దోమలన్నియు ఒకటియే అనుకొనుట పొరపాటు. రాత్రివేళ చెవివద్ద రొదచేయు బూడిదరంగు దోమ క్యూలెక్స్ జాతిది. దానికి మురుగునీరే పుట్టినిల్లు. గోడపై వాలినపుడు తోక పైకెత్తి ఏటవాలుగా నిలుచునది అనాఫిలిస్. దాని రెక్కలపై మచ్చలుండును. అది ఎక్కువగా మంచినీటిలో పెరుగును. నల్లని ఒడలిపై తెల్లని పట్టీలతో పట్టపగలే కుట్టునది ఈడిస్. పూలకుండీ క్రింది పళ్లెము, పారవేసిన కొబ్బరిచిప్ప, కూలరు తొట్టి దానికి చాలును. మొదటిదానివలన బోదకాలు, రెండవదానివలన మలేరియా, మూడవదానివలన డెంగీ వచ్చును. నీటిలోనుండగనే వీటిలో కొన్నిటిని గుర్తుపట్టవచ్చును. అనాఫిలిస్ డింభకములు నీటిపొరకు సమాంతరముగా తేలుచుండును. క్యూలెక్స్ డింభకములు తోకవద్దనున్న గాలిగొట్టమును పైకి పెట్టి తలక్రిందులుగా వ్రేలాడును. గోలెములోని నీటిని ఒక గాజుగ్లాసులో ముంచి చూచినచో ఇది స్పష్టమగును.

ఈ డెల్టాను డెల్టాగా చేసినది నీరు. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు ప్రాంతమును తుడిచిపెట్టిన తరువాత, కాటన్ దొర ప్రోత్సాహముతో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట తలపెట్టబడెను. 1852లో మొదలైన పనిని చార్లెస్ ఓర్ 1855 నాటికి ముగించెను. ఆ కట్ట 1952లో తెగినపిదప, దానికి బదులు ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియయ్యెను. బందరు, ఏలూరు, రైవసు కాలువలు నేడును విజయవాడ నడుమనుండియే సాగిపోవును. పారు కాలువలో దోమ గ్రుడ్లు పెట్టదు. కాలువ కట్టినప్పుడు అడుగున మిగులు మడుగులును, ఇంటి వెనుక కదలక నిలుచు మురుగును దానికి కావలెను. డెల్టా నేల బల్లపరుపు. ఒకచోట చేరిన నీరు తనంతట తాను పోదు. నీటిని తెచ్చుటలో చూపిన శ్రద్ధ, వాడిన నీటిని సాగనంపుటలో అన్నిచోట్ల చూపబడలేదనియే చెప్పవలెను.

దోమకును రోగమునకును గల ముడిని మొదట విప్పినవాడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు. అతడు 1877లో చైనాలోని అమాయ్ రేవులో, బోదవ్యాధి క్రిములు రక్తములోనున్న తన తోటమాలిని దోమలచే కుట్టించి, ఆ క్రిములు దోమ దేహములో పెరుగుట చూచెను. కాని దోమ ఒక్కమారే రక్తము త్రాగి, నీటిపై గ్రుడ్లు పెట్టి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి రోగము సోకుననియు తలచెను. గొప్ప సత్యమును కనుగొన్నవాడే దాని ప్రక్కనున్న చిన్న సత్యమును తప్పిపోయెను.

ఆ తప్పు సికింద్రాబాదుదాక వచ్చినది. మాన్సన్ వద్ద ఉపదేశము పొందిన రొనాల్డ్ రాస్ 1895లో అక్కడ మలేరియాపై పని ఆరంభించి, దోమలు చచ్చిన నీటిని మనుష్యులచే త్రాగించి చూచెను. ఫలితము తేలలేదు. చేతికి దొరికిన ఇంటిదోమలను ఎన్నిటినో కోసి చూచెను. వాటిలోను ఏమియు లేదు. అవి క్యూలెక్స్, ఈడిస్ జాతులవి కనుక ఉండనేరదు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు కొన్ని లభించినవి. హుసేన్ ఖాన్ అను రోగి వాటికి తన రక్తమునిచ్చెను. ఆగస్టు 20న, బేగంపేటలో, ఆ దోమ కడుపుగోడపై నల్లని రేణువులుగల కణములు రాస్ సూక్ష్మదర్శినిలో కనబడినవి. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులపై పరిశోధించి, మలేరియా పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుననియు, కాటుద్వారా సోకుననియు నిరూపించెను. 1902లో అతనికి నోబెల్ బహుమతి లభించెను. రక్తమిచ్చిన హుసేన్ ఖాన్ పేరును స్మరించువారు తక్కువ. బోదక్రిమి కూడ దోమ తొండమునుండియే వచ్చునని 1900లో లో అను వైద్యుడు చూపెను. మంచినీటిపై పడిన నింద అప్పటికి తొలగినది.

తెలిసినది కాని, చేయవలసిన పని మిగిలినది. 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ డి.డి.టి. కీటకములను చంపునని కనుగొనెను. 1953లో భారతప్రభుత్వము జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించి, 1958లో దానిని నిర్మూలన కార్యక్రమముగా మార్చెను. పిచికారీలు భుజానికెత్తుకొన్న మనుష్యులు ఊరూర తిరిగి, గోడలకు మందు కొట్టి, తేదీ అచ్చువేసి పోయెడివారు. మొదట జనులు సంతోషించిరి. దోమలతోపాటు మంచములలోని నల్లులు కూడ చచ్చినవి. కొంతకాలమునకు నల్లులకు మందు పనిచేయుట మానెను. అంతట, నల్లులనే చంపని మందు దేనికని తలుపులు మూసినవారు కలరు. పండుగలకు గోడలు అలుకుట, సున్నము వేయుట మన ఇళ్లలో శుభాచారము. మందు దాని క్రింద కప్పబడిపోయెడిది. ఇది ఎవరి నేరమును కాదు. మందు గోడపై నిలిచియుండుటవలననే పనిచేయునని ఇల్లాలికి చెప్పుట ముఖ్యమని తలచినవారు తక్కువ. స్వాతంత్ర్యము నాటికి ఏటేట ఏడున్నర కోట్లమందికి వచ్చుచుండెడి మలేరియా 1961 నాటికి సుమారు ఏబదివేలకు దిగెను. కాని దోమలు కూడ మందుకు అలవాటుపడినవి. 1976లో ఆ సంఖ్య మరల అరువదినాలుగు లక్షలయ్యెను.

బోదకాలు కథ వేరు. 1955లోనే జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనది. కోస్తా జిల్లాలలో ఈ రోగము చిరపరిచితము. దీనిని మోయు క్యూలెక్స్‌ను గోడమందు లొంగదీయలేదు. పట్టణములలో మురుగుకాలువల లోని డింభకములపైననే దాడి చేయవలసివచ్చెను. డైఇథైల్‌కార్బమజీన్ అను మాత్ర రక్తములోని పిల్లక్రిములను తుదముట్టించును, కాని పెద్ద క్రిములు రసనాళములలో ఏండ్లతరబడి బ్రతికియుండును. కావుననే 2004 నుండి రోగమున్న జిల్లాలలో ఈ మాత్రలను ఏటికొకమారు, వరుసగా కొన్నేండ్లు, అందరికిని పంచసాగిరి. కాలు వాచినవారికే ఇచ్చిన చాలదా అని పలువురు అడుగుదురు. వాపు వచ్చినవారి రక్తములో పిల్లక్రిములు తరచుగా ఉండవు. ఏ బాధయు లేక తిరుగువారి రక్తములోనే అవి ఉండును. రాత్రివేళ, దోమ కుట్టు సమయమునకే, చర్మము దగ్గరి నాళములలోనికి వచ్చును. అందువలన ఆరోగ్య కార్యకర్త గడపవద్దకు వచ్చి మాత్ర తన ఎదుటనే మ్రింగుమని అడుగుట. ఆమె వెళ్లినపిదప మ్రింగుదుమని ప్రక్కన పెట్టిన మాత్ర పంపిణీలెక్కలో చేరును. రక్తములోని క్రిములు మాత్రము అట్లే ఉండును.