నల్లజెండా వ్యాకరణం

చాలా ఏళ్ళ క్రిందట తరగతిలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి గురించి చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "నల్లజెండా చూపిస్తే ఎవరికీ దెబ్బ తగలదు కదా మాస్టారూ, మరి దొరలకు అంత కోపమెందుకు?" అని అడిగాడు. అప్పటికేదో చెప్పి కూర్చోబెట్టాను. ఆ సమాధానం నాకే తృప్తి నివ్వలేదు. ఆ బాకీ ఈ టపాలో కొంతైనా తీర్చుకుందామని నా ప్రయత్నం.

మానము అంటే గౌరవం. 'సమ్' చేరితే సమ్మానం, 'అవ' చేరితే అవమానం. పదం అదే, ఉపసర్గ ఒక్కటే మారింది. నిరసన చేష్టలలో కూడా ఈ వ్యాకరణమే కనబడుతుంది. అతిథికి మనం చేసే మర్యాదలేవో వాటినే తిరగవేస్తే అవమానమవుతుంది. తోరణం కట్టవలసిన చోట నల్లగుడ్డ, పూలదండ వేయవలసిన మెడకు చెప్పుల దండ, ఎదురేగవలసిన వీధిలో మూసిన తలుపులు. మర్యాద తెలిసిన జాతికే అవమానించడమూ తెలుస్తుంది.

1921 నవంబరు 17న ఇంగ్లండు యువరాజు బొంబాయిలో దిగాడు. కాంగ్రెసు బహిష్కారానికి పిలుపునిచ్చింది. ఆ పర్యటనలోనే ఆయన అలహాబాదు వెళ్ళినప్పుడు వీధులు నిర్మానుష్యంగా ఉన్నాయి. చూడడానికి జనమే లేని ఊరేగింపు కంటె రాచబిడ్డకు పరాభవం ఏముంటుంది? కాని బొంబాయిలో కథ అడ్డం తిరిగింది. స్వాగతానికి వెళ్ళినవారిపై గుంపులు విరుచుకుపడ్డాయి, ప్రాణాలు పోయాయి. గాంధీజీ మనసు కలత చెంది ఉపవాసానికి పూనుకున్నారు. చేష్ట చేష్టగా ఉన్నంతవరకే దానికి బలం. చేయి లేచిన క్షణాన అవమానపడవలసినవాడు తప్పించుకుంటాడు, తలవంపు మనకు మిగులుతుంది.

ఆ పాఠం 1928 నాటికి చాలామందికి వంటబట్టింది. సర్ జాన్ సైమన్ నాయకత్వాన వచ్చిన సంఘంలో ఏడుగురు సభ్యులు. ఒక్క భారతీయుడు లేడు. మన భవిష్యత్తును విచారించే పెద్దలలో మనవాడు లేకపోవడమే మొదటి అవమానం. జనం దానికి బదులు తీర్చుకున్నారు. ఫిబ్రవరి 3న సంఘం బొంబాయిలో దిగిన నాడు దేశమంతటా హర్తాళ్. లోనావాలా నుండి పూనా దాకా రైలుపట్టాల పక్కనే రోడ్డు సాగుతుంది. కుర్రవాళ్ళు లారీ ఎక్కి, సైమన్ బృందం రైలు వెంబడే నల్లజెండాలు ఊపుతూ వెళ్ళారు. లక్నోలో కైసర్‌బాగ్‌లో తాలూక్‌దారులు విందు చేస్తుంటే, "సైమన్ తిరిగిపో" అన్న రాతలతో గాలిపటాలు, బుడగలు వారి నెత్తిన తేలాయి. నేలమీద ఎంత కాపలా పెట్టినా ఆకాశానికి కాపలా పెట్టలేరు కదా!

సర్కారు మాత్రం నవ్వి ఊరుకోలేదు. అక్టోబరు 30న లాహోరు ఊరేగింపులో లాలా లజపతిరాయ్ లాఠీదెబ్బలు తిన్నారు. నవంబరు 17న కన్నుమూశారు. అంతకు ముందే, ఫిబ్రవరి 3 నాటి హర్తాళ్‌లో, మద్రాసు హైకోర్టు సమీపాన పోలీసులు కాల్పులు జరిపారు. ఒక మనిషి నేలకొరిగాడు. ఆ శవాన్ని చూడడానికి వెళ్ళబోయిన ప్రకాశంగారిని తుపాకులతో అడ్డగించారు. ఆయన రొమ్ము చూపి, కాల్చమన్నారు. కాల్చలేకపోయారు. ఇక్కడ నల్లజెండా లేదు, తిట్టు లేదు. అయినా తుపాకి పట్టినవాడే చిన్నబోయాడు. ఆంధ్రకేసరి అన్న బిరుదు వినబడగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ఈ ఘట్టమే.

ఇంతవరకు అవమానించినవారి పక్షాన మాట్లాడడం సులువు. మరి ఆ నల్లరంగు మనవారి మీదికే తిరిగితే? 1931 మార్చి 23న భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీశారు. ఇర్విన్‌తో ఒడంబడిక చేసుకొని కూడా ఆ ప్రాణాలు కాపాడలేదన్న ఆగ్రహంతో, కరాచీ కాంగ్రెసుకు వచ్చిన గాంధీజీకి యువకులు నల్లగుడ్డతో చేసిన పువ్వులు ఇచ్చారు. ఆయన వాటిని చేతులతో అందుకున్నారు. వారి దుఃఖాన్నీ, ఆ కోపంలోనూ వారు పాటించిన నిగ్రహాన్నీ గుర్తించారు.

ఈ రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పిల్లవాడి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. నల్లజెండా ఒంటికి తగలదు నాయనా, హక్కుకు తగులుతుంది. "నీవు మా అతిథివి కావు" అని నలుగురి ఎదుట చెబుతుంది. జనం ప్రేమ మీద ఆధారపడినవాడు ఆ నల్లపువ్వును చేతిలోకి తీసుకోగలడు. తుపాకి మీద ఆధారపడినవాడికి తుపాకి తప్ప వేరే జవాబు తెలియదు.

స్వతంత్రం వచ్చాక కూడా నల్లజెండాలు ఆగలేదు, ఆగనక్కరలేదు. పర్యటనకు వచ్చే ప్రతి నాయకునికీ ఆ గుడ్డముక్క ఒక పరీక్ష. దాన్ని ఎత్తిన చేతికీ పరీక్షే.

మీ ఊరి పెద్దల నోట సైమన్ నాటి ముచ్చట్లు విన్నవారెవరైనా ఉంటే వ్యాఖ్యలలో పంచుకోగలరు.