కవాతు ఒక పూట, క్యూ ఏడాది పొడుగునా



పిల్లల పుస్తకాలకు 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలతో అట్టలు వేసిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు! తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్‌లో రష్యా అంటే అప్పట్లో అంత మోజు. క్యాంపస్ పక్కనున్న ఇంగ్లీషు సంస్థ కూడా 1972లో రష్యన్ వంటి విదేశీ భాషలను కలుపుకుంది.

ఆ బొమ్మల్లో ఎక్కువగా కనిపించేది మాస్కో ఎర్రమైదానంలో నవంబరు 7 కవాతు. 1917 విప్లవం పాత క్యాలెండరు ప్రకారం అక్టోబరు 25న జరిగింది. 1918లో క్యాలెండరు మార్చడంతో అక్టోబరు పండుగ నవంబరులో పడింది. ముందు సైన్యం, వెనుక జెండాలతో ఫ్యాక్టరీల వాళ్లు. 1941లో శత్రువు మాస్కో దాపులకు వచ్చినా కవాతు ఆగలేదు. సైనికులు అటునుంచి అటే యుద్ధానికి నడిచారు.

మరి ఆ ఏడాది తొలి నిప్పు రాజేసిందెవరనుకున్నారు? ఆడవాళ్లేనండీ! 1917 మార్చి 8న పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల స్త్రీలు, రొట్టె కోసం క్యూల్లో నిలబడి నిలబడి విసిగి, పని మానేసి వీధుల్లోకి వచ్చారు. వారం తిరిగేసరికి జారు చక్రవర్తి గద్దె దిగాడు. ఆ మార్చి 8ని సెలవుగా ప్రకటించడానికి మాత్రం 1965 దాకా పట్టింది.

ఆ ప్రభుత్వం స్త్రీలకు చదువులిచ్చింది, ఉద్యోగాలిచ్చింది, శిశుశాలలు పెట్టింది. 1963లో తెరిష్కోవా అంతరిక్షానికే వెళ్లివచ్చింది. కాదనలేం. కాని క్యూ పోలేదు. ప్రతి ఇల్లాలి చేతిలో 'అవోస్కా' అనే వలసంచీ ఉండేది. 'ఏమో, ఏదైనా దొరుకుతుందేమో' అన్న ఆశలోంచి పుట్టిన పేరది!

1969లో నతాల్యా బరాన్స్కయా అనే రచయిత్రి ఒక వారం రోజుల కథ రాసింది. ల్యాబులో పనిచేసే ఓల్గాకు ఇద్దరు పిల్లలు. ఇంటి పనికెన్ని గంటలు, పిల్లలకెన్ని, తీరికకెన్ని అని ఆఫీసులో ఒక ఫారం ఇస్తారు. తీరిక అన్నచోట ఏం రాయాలి పాపం? పొద్దున్నే టిఫిన్ డబ్బాతో తార్నాక బస్‌స్టాపులో నిలబడ్డ మన ల్యాబుల అమ్మాయిలను చూస్తే నాకు ఓల్గాయే గుర్తొస్తుంది.

1991లో సోవియట్ దేశమే లేకుండా పోయింది. ఆ ఫారం మాత్రం ఇంకా నింపవలసే ఉంది. ఈసారి జనవరి 26న ఇంటిల్లిపాదీ టీవీలో కవాతు చూస్తుంటే, వాళ్లకు కాఫీలు అందిస్తున్నదెవరో ఒక్కసారి గమనించండి. ఆ పూట మీరూ వాళ్ల పక్కన కూర్చోండి. కాఫీ ఇంకెవరైనా కలుపుతారు!